జ్యూరీ డ్యూటీకి పిలిచారు, షుగర్ ఉంది... వెళ్ళొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 67 ఏళ్ళు. గుంటూరు జిల్లాలో హైస్కూల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. రెండేళ్ళ కిందట సిటిజన్‌షిప్ వచ్చింది. 2021 మార్చి 29న జ్యూరీ డ్యూటీకి, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందంలో కూర్చోవడానికి, రమ్మని కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. పన్నెండేళ్ళుగా షుగరు, బీపీ ఉన్నాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నాను. జనవరిలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 8.4 వచ్చింది. మార్చి 4న మోడర్నా కొవిడ్ టీకా మొదటి డోసు వేయించుకున్నాను, రెండోది ఏప్రిల్ 1న. మా కోడలు ‘డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి మానేయండి అత్తయ్యా’ అంటోంది. నాకేమో ఒక్కసారైనా వెళ్ళి చూడాలని ఉంది. ఈ కరోనాలో వెళ్ళొచ్చా? సర్టిఫికెట్ మీరు ఇస్తారా? రెండో డోసు రోజున షుగర్ మాత్రలు ఆపాలా?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, వెళ్ళండి. కానీ 29న మాత్రం వద్దు.

ఎందుకో చెప్తాను. మొదటి డోసుతో కొంత రక్షణ వస్తుంది, నిజమే. కానీ మోడర్నా టీకా 94 శాతం పనిచేసిందని మనం చెప్పుకునే లెక్క రెండో డోసు వేసి 14 రోజులు గడిచాక చూసినది. మీ లెక్కన అది ఏప్రిల్ 15. ఉగాది 13న వస్తోంది, పండగ వెళ్ళిన రెండో రోజన్నమాట. 67 ఏళ్ళ వయసు, 8.4 దగ్గరున్న షుగరు, పైగా బీపీ. ఈ మూడూ కలిసినవాళ్ళకు కొవిడ్ సోకితే ఆస్పత్రిదాకా వెళ్ళే అవకాశం ఎక్కువ. నాలుగు వారాల్లోపే దొరికే రక్షణను వదులుకుని ముందే వెళ్ళి కూర్చోవడం దేనికి?

సమన్లతో వచ్చిన కాగితం మళ్ళీ ఒకసారి చదవండి. డ్యూటీ వాయిదా కోరడానికి ఏం చేయాలో అందులోనే ఉంటుంది. మొదటిసారి అడిగేవాళ్ళకు వాయిదా మామూలుగా దొరుకుతుంది. ఏప్రిల్ నెలాఖరుకో, మే నెలకో అడగండి. కాగితాన్ని సొరుగులో పడేసి ఊరుకోవడం మాత్రం చేయొద్దు, జరిమానా పడొచ్చు. 2021లో టెక్సస్‌లో 70 దాటినవాళ్ళకు వయసు కారణంగా మినహాయింపు అడిగే వీలుండేది. మీకింకా ఆ వయసు రాలేదు.

ఇక సర్టిఫికెట్. నేను ఇవ్వలేను. మిమ్మల్ని చూడకుండా, పరీక్ష చేయకుండా హైదరాబాద్‌లో కూర్చుని రాసిన కాగితం ఆ కోర్టులో చెల్లదు, చెల్లకూడదు కూడా. మీ షుగర్ చూస్తున్న అక్కడి డాక్టర్నే అడగండి. వాయిదాకు కాస్త బలం కావాలంటే ఆయన నాలుగు వాక్యాలు రాస్తే చాలు: వయసు, జబ్బులు, రెండో డోసు తేదీ, ఫలానా రోజు తర్వాత రావచ్చు అని. ‘ఈమె కోర్టుకు రావడానికి అసలే పనికిరాదు’ అని రాయించుకోవద్దు, ఎందుకంటే అది నిజం కాదు. ఈ ఏడాదిలో నా దగ్గరికి రోగుల కంటే సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్ళే ఎక్కువేమో అనిపిస్తుంది. మీ కోడలి భయం నాకు అర్థమైంది, ఆ అమ్మాయిని కోప్పడకండి.

ఇక్కడి పాఠకుల కోసం ఒక మాట. మనకు జ్యూరీ అంటే నంది అవార్డులే గుర్తొస్తాయి. కోర్టు జ్యూరీ మన దేశంలోనూ ఉండేది. 1959లో బొంబాయిలో నేవీ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. జడ్జి ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపారు, అక్కడ శిక్ష పడింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. అమెరికాలో మాత్రం ఓటరు జాబితాలో, డ్రైవింగ్ లైసెన్సుల జాబితాలో పేరున్న మామూలు పౌరులనే పిలుస్తారు. గ్రీన్‌కార్డు వాళ్ళను తీసుకోరు. 2021లో టెక్సస్‌లో మొదటి రోజుకు కనీసంగా ఇచ్చింది 6 డాలర్లు. డబ్బు కోసం ఎవరూ వెళ్ళరని దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త ఎక్కడ పడాలో చూద్దాం. అందరూ భయపడేది కోర్టు హాలుకు. నా భయం జ్యూరీ గదికి. విచారణ అయ్యాక జ్యూరర్లు తలుపు వేసుకుని చర్చించే గది అది. పెద్ద కేసులో పన్నెండు మంది ఒకే బల్ల చుట్టూ, కిటికీ ఉంటే ఉన్నట్టు లేకపోతే లేదు, గంటల కొద్దీ మాటలు, మధ్యలో మాస్కులు తీసి భోజనం. వైరస్‌కు ఇంతకంటే ఏం కావాలి? నిరుడు నవంబరులో మీకు ఉత్తరాన ఉన్న షెర్మన్ ఫెడరల్ కోర్టులో ఒక విచారణ మధ్యలోనే జ్యూరర్లకూ, లాయర్ల పక్షం వాళ్ళకూ కొవిడ్ తగిలి, ఆ విచారణే రద్దయింది. కోర్టులూ ఊరుకోలేదు. హ్యూస్టన్‌లో జ్యూరీ ఎంపికను ఎన్‌ఆర్‌జీ ఎరీనా అనే పెద్ద హాలుకు మార్చారు. ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీలో నిరుడు ఆగస్టులో ఒక ట్రాఫిక్ కేసును జ్యూరీతో సహా జూమ్‌లోనే నడిపారు. మీ గవర్నరు మాస్కు ఆదేశాన్ని 2021 మార్చి 10 నుంచి ఎత్తేశారు కాబట్టి, మీ కోర్టులో ఏ నియమం ఉందో వెళ్ళేముందు ఫోన్ చేసి కనుక్కోండి. వాళ్ళు అడిగినా అడగకపోయినా మీరు మాత్రం మాస్కు తీయొద్దు. ముక్కు పక్కన గాలి పోని కేఎన్95 మాస్కు మంచిది. దొరక్కపోతే సర్జికల్ మాస్కు మీద బట్ట మాస్కు. ముఖానికి ప్లాస్టిక్ షీల్డ్ ఒక్కటే పెట్టుకుంటే లాభం లేదు. భోజనం బయట చెట్టు కిందో, కారులోనో చేయండి.

భోజనం అన్నాను కాబట్టి, మీ విషయంలో కొవిడ్ కంటే ముందు జరగగలిగేది ఒకటుంది. గ్లిమెపిరైడ్. పొద్దున ఆ మాత్ర వేసుకుని, హడావుడిలో ఒక్క ఇడ్లీ తిని వెళ్తే, కోర్టులో భోజన విరామం రెండింటికి జరిగిందనుకోండి, పన్నెండున్నరకే షుగరు మరీ పడిపోయి, చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. లేచి వెళ్ళడానికి మొహమాటపడి అలాగే కూర్చుంటారు. మన టీచర్లలో ఈ అలవాటు నేను చాలా చూశాను. వెళ్ళగానే అక్కడి బెయిలిఫ్‌కు (జ్యూరర్లను చూసుకునే కోర్టు ఉద్యోగికి) ‘నాకు డయాబెటిస్, మధ్యలో తినాల్సి రావచ్చు’ అని చెప్పండి. పర్సులో గ్లూకోజ్ బిళ్ళలు, నాలుగు బిస్కెట్లు, గ్లూకోమీటరు పెట్టుకోండి. సూది ఉంటుంది కాబట్టి గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళకు ముందే చూపించండి. డ్యూటీ రోజు డోసు తగ్గించాలా అన్నది మీ డాక్టర్ని అడిగి తేల్చుకోవాలి, సొంతంగా వద్దు. ఆ 8.4 సంగతి కూడా ఆయనతో మాట్లాడండి. ఉన్న ఈ నాలుగైదు వారాల్లో రోజూ అరగంట నడక, రాత్రి అన్నం తగ్గించడం, ఈ రెండూ చేస్తే పొద్దుటి షుగరులో తేడా మీకే కనిపిస్తుంది.

రెండో డోసు రోజున మాత్రలు ఆపక్కర్లేదు. మర్నాడు ఒళ్ళు నొప్పులు, చలిజ్వరం రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పారాసెటమాల్, అంటే మీ దగ్గర టైలెనాల్, వేసుకుని నీళ్ళు బాగా తాగండి. జ్వరంలో ఏమీ తినలేకపోయినా, వాంతులైనా ఆ పూట గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వేసుకోకుండా మీ డాక్టరుకు ఫోన్ చేయండి.