తెల్లారేసరికి ఒక పక్కకి కూర్చుంటున్న బండి

ప్రశ్న: నాది పాత ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3. తుమ్మలపెంట బీచి ఇసుకలోకీ తీసుకెళ్తుంటాను. రాత్రి నిలిపితే తెల్లారేసరికి ముందు ఎడమ పక్క కిందికి దిగిపోతోంది. కంప్రెసర్ మార్చాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: తొందరపడకండి. మీ బండి మామూలు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచుల (ఎయిర్ బ్యాగ్‌ల) మీద నిలుస్తుంది, వాటికి గాలి కొట్టేది కంప్రెసర్. ఒక్క మూలే దిగుతోందంటే ముందు అనుమానించాల్సింది ఆ మూల గాలి లీకునే. లీకు ఆపకుండా కంప్రెసర్ మారిస్తే, కొత్తదీ ఆగకుండా తిరిగి వేడెక్కి కాలిపోతుంది.

బండిని పూర్తి ఎత్తుకు లేపి, సబ్బునీళ్లు స్ప్రే చేయండి. ఎయిర్ బ్యాగ్ రబ్బరు మడత పడేచోట జాగ్రత్తగా చూడండి, సన్నటి పగుళ్లు అక్కడే వస్తాయి. ఇసుక చేరితే ఆ మడత ఇంకా త్వరగా అరుగుతుంది. తర్వాత పైప్ జాయింటు, వాల్వ్ బ్లాక్ (బ్యాగ్‌లకు గాలిని వదిలే, ఆపే భాగం) చూడండి. బుడగలు వచ్చిన చోటే లీకు. స్టాండ్లు పెట్టకుండా బండి కిందికి మాత్రం దూరొద్దు. గాలి దిగితే బండి ఒక్కసారిగా మీద పడుతుంది.

బ్యాగ్ పోతే ముందువైపు రెండూ కలిపి మార్చడమే మేలు, రెండోదీ అంతే పాతది కదా. పైప్ విప్పేముందు గాలి తీసేయాలి. బిగించాక, బ్యాగ్‌లో గాలి నిండకుండా బండి బరువు దానిమీద దించొద్దు, మడత నలిగి చిరుగుతుంది. కంప్రెసర్ రిలే (దానికి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్) కూడా కొత్తది వేయించండి. పాతది అతుక్కుపోతే కంప్రెసర్ ఆగదు.