పాత ముఖం, కొత్త ఒళ్లు: అమెరికన్ మజిల్ కార్లపై పాఠకుల ప్రశ్నలు

ఫోర్డ్ మస్టాంగ్ గురించి ఇదే శీర్షికలో ఒక చిన్న జవాబు రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నాయి: ఇప్పటి అమెరికన్ కార్లు యాభై, అరవై ఏళ్ల కిందటి కార్లలా ఎందుకు కనిపిస్తాయని. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి, చోటంతా వాటికే ఇస్తున్నాము.

ప్రశ్న: మా వీధిలో ఒకరు ఎర్ర మస్టాంగ్ కొన్నారు. దాన్ని చూసి మా నాన్నగారు ‘ఇది మా చిన్నప్పటి బండి, ఎవరో బాగు చేయించినట్టున్నారు’ అన్నారు. తీరా అది 2018లో తయారైన కారు. పాత రూపంలో కొత్త కారు చేసే ఈ పద్ధతి ఎప్పుడు, ఎందుకు మొదలైంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ నాన్నగారిది పొరపాటే అయినా, చూసినవారెవరైనా ఆ పొరపాటు పడాలన్నదే ఆ కారును గీసినవారి కోరిక కూడా. మస్టాంగ్ మొట్టమొదట జనం ముందుకు వచ్చింది 1964 ఏప్రిల్ 17న, న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో. పొడవైన బానెట్, పొట్టి వెనుక భాగం, 2,368 డాలర్ల ప్రారంభ ధర. ఈ మూడింటి బలంతో రెండేళ్లు తిరగకముందే పది లక్షల కార్లు తయారయ్యాయి. మధ్యరకం కారులో పెద్ద ఇంజిన్ బిగించి పాంటియాక్ కంపెనీ జీటీఓ అనే కారును అమ్మకానికి పెట్టిందీ ఆ కాలంలోనే. పట్టింపు ఉన్నవాళ్లు ఈ జీటీఓ వంటి వాటినే మజిల్ కార్లంటారు. మస్టాంగ్, షెవర్లే కమారోల వంటి అంతకంటే చిన్నవి వాళ్ల లెక్కలో పోనీ కార్లు. మన జవాబులకు అంత పట్టింపు అక్కరలేదు.

ఆ వైభవం పదేళ్లు కూడా నిలవలేదు. కుర్రకారు నడిపే పెద్ద ఇంజిన్ల మీద బీమా కంపెనీలు ప్రీమియం పెంచేశాయి, 1970లో వచ్చిన వాయుకాలుష్య చట్టం ఇంజిన్ల గొంతు నొక్కింది, 1973 చమురు సంక్షోభం మిగిలిన పని పూర్తి చేసింది. 1974 మస్టాంగ్‌ను పింటో అనే చిన్న కారు ఆధారంగా తయారు చేశారు. 1980లలోనైతే ఆ పేరును జపాన్ కంపెనీ మాజ్డాతో కలిసి రూపొందిస్తున్న ఫ్రంట్‌వీల్ డ్రైవ్ కారుకు తగిలించాలని ఫోర్డ్ ఆలోచించింది. అభిమానులు భగ్గుమనడంతో వెనక్కి తగ్గి, ఆ కారును ప్రోబ్ అన్న వేరే పేరుతో అమ్మింది. పేరు బతికింది గానీ ముఖం పోయింది అనదగిన కాలమది.

ముఖం తిరిగి రావడానికి దారి వేసింది మాత్రం అమెరికన్ కారు కాదు, 1998 నాటి ఫోక్స్‌వ్యాగన్ న్యూ బీటిల్. దాని తొలి నమూనా రూపకర్తల్లో ఒకరైన జె మేస్ ఆ తర్వాత ఫోర్డ్ డిజైన్ విభాగానికి అధిపతి అయ్యారు. 1950ల థండర్‌బర్డ్‌ను తలపించే కారు 2002 మోడల్‌గా వచ్చి నాలుగేళ్లలో సర్దుకున్నా, 2003 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో చూపిన మస్టాంగ్ నమూనా, దాని వెనుకే వచ్చిన 2005 మోడల్ కారు కథను మార్చేశాయి. దాని విజయం చూసిన డాడ్జ్ ఛాలెంజర్‌ను, షెవర్లే కమారోను 2006 జనవరిలో అదే డెట్రాయిట్ ప్రదర్శనలో నమూనాలుగా నిలబెట్టాయి. మొదటిది 2008లో, రెండోది 2009లో రోడ్డెక్కాయి.

ఎందుకన్న దానికి నాకు తోచిన జవాబు లెక్కల పుస్తకంలో ఉంది. 1969లో పదిహేనేళ్ల వయసులో పక్కింటివాళ్ల కమారోను గుడ్లప్పగించి చూసిన కుర్రవాడికి 2009 నాటికి యాభై అయిదేళ్లు. ఇంటి అప్పు తీరవస్తుంది, పిల్లలు చేతికి అందివస్తారు, రెండో కారు కొనుక్కునే వీలు చిక్కుతుంది.

ప్రశ్న: పాత, కొత్త ఛాలెంజర్ల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తది బాగా బరువెక్కినట్టు, కిటికీలు కుంచించుకుపోయినట్టు కనిపిస్తోంది. కమారో సంగతీ అంతే. అచ్చంగా పాతదానిలాగే చేయడానికి అడ్డేమిటి?
– మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది ఇదే. మీ కన్ను పట్టిన తేడాను కొలతల్లో చూద్దాం. 1970 ఛాలెంజర్ ఎత్తు సుమారు 51 అంగుళాలు, 2008 ఛాలెంజర్ ఎత్తు సుమారు 57 అంగుళాలు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 110 అంగుళాల నుంచి 116కు పెరిగింది. వెడల్పులో మాత్రం చెప్పుకోదగిన తేడా లేదు. అంటే మొత్తం బొమ్మను ఒకే పాళ్లలో పెద్దది చేయలేదు. వెడల్పును అలాగే ఉంచి నిలువునా, పొడవునా సాగదీశారు. నేలకు కరుచుకుని పడుకున్నట్టుండే పాత కారు కొత్తదానిలో లేచి కూర్చున్నట్టు కనిపించడానికి కారణం ఆ ఆరంగుళాలే.

ఇలా ఎందుకు సాగిందంటే, మొదటి కారణం డబ్బు. రెండు తలుపుల కారు కోసమే అడుగుభాగమంతా కొత్తగా తయారు చేయించడం ఖరీదైన వ్యవహారం కనుక, డాడ్జ్ మాతృసంస్థ క్రైస్లర్ తన దగ్గరున్న పెద్ద నాలుగు తలుపుల కార్ల చట్రాన్ని నాలుగంగుళాలు కుదించి ఛాలెంజర్‌కు వాడింది. షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ అయితే ఆస్ట్రేలియాలోని తన హోల్డెన్ విభాగం సిద్ధం చేసిన చట్రం మీద కమారోను నిలిపింది. అమెరికన్ జ్ఞాపకానికి ఆస్ట్రేలియా ఎముకలు దొరికాయన్నమాట.

రెండో కారణం భద్రత. 1970 ఛాలెంజర్ హార్డ్‌టాప్ పక్క అద్దాలు రెండూ దించితే, పైకప్పును మోసే ముందు స్తంభం నుంచి వెనుక స్తంభం దాకా మధ్యలో ఏ అడ్డూ లేని ఒకే ఒక ఖాళీ ఏర్పడేది. ఆ కారు అందంలో సగం అదే. 2006 నమూనాలో దాన్ని అలాగే చూపించారు గానీ, అమ్మకానికి వచ్చిన కారులో మధ్య స్తంభం పెట్టి, అది కనిపించకుండా నల్లగా అద్దం చాటున దాచారు, వెనుక అద్దం కిందికి దిగకుండా బిగించేశారు. కారు పల్టీ కొడితే పైకప్పు నలగకూడదు, పక్క నుంచి గుద్దితే తలుపు లోపలికి రాకూడదు, తల దగ్గర ఎయిర్‌బ్యాగ్ తెర విచ్చుకోవాలి. వీటన్నిటికీ స్తంభాలు లావెక్కక తప్పదు, తలుపు అంచు పైకి లేవక తప్పదు.

చాలామంది పట్టించుకోని మూడో కారణం చక్రాలు. పాతవాటికి 14 అంగుళాల చక్రాలు మామూలు. 2010 కమారోలో శక్తిమంతమైన ఎస్‌ఎస్ రకానికి 20 అంగుళాలవి. పాత ఒంటికి ఇంత చక్రం తగిలిస్తే రిక్షాకు ఎడ్లబండి చక్రాలు పెట్టినట్టుంటుంది కాబట్టి, చక్రానికి తగినట్టు పక్క రేకుల ఎత్తూ పెంచారు. పైకప్పును మాత్రం కిందికే ఉంచాలని పట్టుబట్టారు. ఈ రెండింటి మధ్య నలిగిపోయింది కిటికీ. పాత కమారోలో అద్దం దించి మోచేతిని తలుపు అంచుపై ఆనించి నడపడం ఒక భోగం. కొత్తదానిలో ఆ అంచు దాదాపు భుజం దాకా వస్తుంది, మోచేయి పెట్టాలంటే చెయ్యి పైకెత్తి వేలాడదీయాలి. వెనుకకు తీసేటప్పుడు కనిపించేది అంతంత మాత్రమే. ఫొటోలో అద్భుతంగా ఉండి, పార్కింగ్‌లో చెమటలు పట్టించే కారు అది.

ఈ మూడు కార్లలో 2005 మస్టాంగ్‌దే తెలివైన పని అని నా అభిప్రాయం. ముందుకు వాలిన ముక్కు, గ్రిల్ మధ్య పరుగెత్తే గుర్రం, గుండ్రటి హెడ్‌లైట్లు, ఒక్కో వైపు మూడేసి నిలువు పట్టీల టెయిల్‌లైట్లు: ఇలా అయిదారు గుర్తులను మాత్రమే ఏరుకుని, మిగతా ఒంటిని తన కాలానికి తగినట్టు గీసుకుంది. మనం చిన్ననాటి స్నేహితుణ్ణి గుర్తుపట్టేది అతని నవ్వును బట్టే గాని నడుము కొలతను బట్టి కాదు గదా. అయితే కొనుగోలుదారులు నా మాట విన్నారని చెప్పలేను: పాతదాన్ని అందరికంటే నమ్మకంగా అనుకరించిన ఛాలెంజర్ 2021లో అమెరికాలో 54 వేలకు పైగా అమ్ముడై, 52 వేల పైచిలుకు దగ్గర ఆగిన మస్టాంగ్‌ను దాటిపోయింది.

ప్రశ్న: ఈ కార్ల పక్కన ఉండే గాలి రంధ్రాలు, వెనుక మధ్యలో ఉండే గుండ్రటి మూత నిజంగా పనికొచ్చేవేనా, ఉత్త అలంకారమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చాలా వరకు అలంకారమే, కానీ అందులోనూ ఒక తమాషా ఉంది. 1965 మస్టాంగ్‌లో పెట్రోలు పోసే మూత నిజంగానే వెనుక మధ్యలో, రెండు టెయిల్‌లైట్ల నడుమ ఉండేది. 2005 కారులో పెట్రోలు పోసేది పక్క నుంచి. వెనుక మధ్యలో ఉన్న గుండ్రటి బిళ్ల పాత మూతకు బొమ్మ మాత్రమే. పక్కన తలుపు వెనుక ఉన్న గాలి రంధ్రం లాంటి గుంట సంగతి ఇంకా విచిత్రం: అది 1965లోనూ మామూలు మస్టాంగ్‌లలో ఉత్తుత్తిదే. అసలే బొమ్మ అయినదానికి నలభై ఏళ్ల తర్వాత మళ్లీ బొమ్మ గీశారు. 2010 కమారో ఎస్‌ఎస్ ముక్కు మీది సన్నని చీలికలోంచి కూడా గాలి పోదు.

దీనికి భిన్నంగా, చూడటానికి అలంకారంలా ఉండి పనిచేసేవీ ఉన్నాయి. 1970 ఛాలెంజర్‌లో ఇంజిన్‌కు బిగించిన గాలి గూడు బానెట్ రంధ్రంలోంచి పైకి పొడుచుకు వచ్చి, ఇంజిన్‌తో పాటే వణికేది. దాన్ని షేకర్ అంటారు. 2014లో అది తిరిగి వచ్చినప్పుడు పనిచేసేదిగానే వచ్చింది. 2015లో 707 హార్స్‌పవర్‌తో వచ్చిన ఛాలెంజర్ హెల్‌క్యాట్‌ను దగ్గరికి వెళ్లి చూడండి: ముందున్న నాలుగు గుండ్రటి దీపాల్లో డ్రైవరు వైపు లోపలిది అసలు దీపం కాదు, మధ్యలో ఖాళీ. ఇంజిన్ అందులోంచి ఊపిరి పీలుస్తుంది.

ప్రశ్న: వీటిని మన దేశంలో కొత్తగా కొనుక్కునే వీలుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అధికారికంగా వచ్చింది మస్టాంగ్ ఒక్కటే. 2016లో 5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌తో, కుడివైపు స్టీరింగ్‌తో, ఢిల్లీ షోరూం ధర 65 లక్షల రూపాయలకు ఫోర్డ్ దాన్ని ఇక్కడ అమ్మకానికి పెట్టింది, ఆ అమ్మకం తర్వాత ఆగిపోయింది. మస్టాంగ్ తరాల్లో ఫ్యాక్టరీలోనే కుడివైపు స్టీరింగ్ పెట్టి చేయడం దానితోనే మొదలైంది. ఛాలెంజర్, కొత్త కమారో ఎడమవైపు స్టీరింగ్‌తోనే తయారయ్యాయి కాబట్టి మనదాకా రాలేదు. పాత రూపు మీద మోజు తీర్చుకోవడానికి మనకు మోటార్‌సైకిళ్లున్నాయి: 2018లో తిరిగి వచ్చిన జావాకు నీటితో చల్లబడే ఇంజిన్ ఉన్నా, పాతదానిలాగే రెక్కలు, ఒక్క సిలిండర్‌కే రెండు సైలెన్సర్లు పెట్టారు.

ప్రశ్న: నేను డెట్రాయిట్ దగ్గర ట్రాయ్‌లో ఉంటున్నాను. ఇక్కడ పుట్టి పెరిగిన మా అబ్బాయికి 1960ల కార్ల మీద ఏ మమకారమూ లేదు. ఇప్పుడు బ్యాటరీ కార్లు కూడా వచ్చేశాయి. ఈ పాత రూపుల మోజు ముగిసినట్టేనా?
– ఒక పాఠకుడు, మిషిగన్

జవాబు: 1960ల మోజు తగ్గుముఖం పట్టిన మాట నిజం. ఛాలెంజర్ తయారీ 2023 డిసెంబరులో ఆగిపోయింది, కమారో 2024 మోడల్‌తో సెలవు తీసుకుంది. 1969ని తలపించేలా ఒకసారి గీసిన తర్వాత రెండోసారి ఏం గీయాలన్నది ఈ పద్ధతిలో ఉన్న చిక్కు. 2016 కమారోలో ఆ చిక్కు బాగా కనిపిస్తుంది, అది పాత కమారో కంటే తన ముందు తరం కమారోనే ఎక్కువగా అనుకరించింది.

అయితే మోజు పోలేదు, తేదీ మార్చుకుంది. 2024 మస్టాంగ్‌లో ముల్లు తిరిగే మీటర్లకు బదులు తెర ఉంటుంది. ఆ తెర మీద కావాలంటే 1987–93 మధ్య వచ్చిన మస్టాంగ్ మీటర్ల రూపం తెప్పించుకోవచ్చు. అప్పట్లో ఆ ప్లాస్టిక్ డ్యాష్‌బోర్డును అందమైనదని ఎవరూ అనలేదు, కానీ ఆ కార్ల వెనుక సీట్లో కూర్చుని పెరిగినవాళ్లకు ఇప్పుడు కొనే వయసు వచ్చింది. బ్యాటరీతో నడిచే డాడ్జ్ చార్జర్ డేటోనాలో ఇంజినే లేకపోయినా, ఆ లోటు తీర్చడానికి వీ8 ఉరుమును తలపించే శబ్దాన్ని పుట్టించే ఏర్పాటు ఒకటి అమర్చారు. రూపం వరకు సరే గాని, లేని ఇంజిన్‌కు శబ్దం పుట్టించడం నాకు రుచించలేదు.

మీరు ఉన్న చోటు ఈ విషయానికి పుట్టినిల్లు. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, మీ అబ్బాయిని తీసుకెళ్లండి. డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో మొదటి క్రమసంఖ్య గల తెల్ల మస్టాంగ్ ఉంది. దాని ముందు ఫొటో దిగి వచ్చేయకుండా వెనుక వైపుకు వెళ్లి ఆ పెట్రోలు మూతను చూపించి, ఇంటికి వచ్చే దారిలో కనిపించిన 2005 మోడల్ కారు వెనుక భాగాన్ని కూడా చూపించండి. ఆ బిళ్ల అక్కడెందుకు ఉందో అతనే మీకు చెబుతాడు.