సన్‌రైజ్ దగ్గర రిడ్జ్ మీద అమ్మని నడిపించొచ్చా?

గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చారు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ రెయినియర్ పార్కులో సోర్‌డో రిడ్జ్, అంటే ఆ పొడవాటి కొండ గట్టు, ఎక్కించొచ్చా అని అడిగారు కదండీ. తప్పకుండా తీసుకెళ్ళండి. కాకపోతే ఫ్రోజెన్ లేక్ అనే చెరువు దగ్గర్నుంచి వెనక్కి వచ్చేయండి.

మా అమ్మని ఆగస్టులో తీసుకెళ్ళాను. పార్కులో సన్‌రైజ్ అనే చోటు దాకా, అంటే 6,400 అడుగుల ఎత్తుకి, కారే వెళ్తుంది. అక్కణ్ణుంచి రిడ్జ్ మీదికి ఎక్కే ఆ కాస్త దూరమే కష్టం. అమ్మకి బాగా ఆయాసం వచ్చింది, నాలుగు అడుగులకోసారి నిలబడింది. పైకి చేరాక ఎక్కుడు బాగా తగ్గింది. ఎడంపక్క అంత పెద్ద మంచుకొండ, కుడిపక్క లోయ. చెరువు దాకా ఒకవైపు మైలున్నర. సన్‌రైజ్‌కి తాగునీళ్ళు ఆ చెరువు నుంచే కాబట్టి చుట్టూ కంచె ఉంటుంది, దిగనివ్వరు.

దారి పక్కన అమ్మ ఒక లేత పసుపు రాయి తీసింది. అరచేతిలో మరమరాల ఉండంత తేలిక, ఒళ్ళంతా చిన్న చిన్న చిల్లులు. "ఇది మడమలు రుద్దుకునే రాయి కదురా!" అంది. నిజంగా అదే, ప్యూమిస్. దాదాపు 2,200 ఏళ్ళ కిందట ఈ అగ్నిపర్వతం పేలినప్పుడు కురిసింది. ఇంటికి తెచ్చుకోకూడదని చెబితే, తీసిన చోటే జాగ్రత్తగా పెట్టేసింది. ఆ నేలలో నీళ్ళు నిలవవు, మొక్కలు ఎంతో కష్టపడి బతుకుతాయి. దయచేసి దారి దిగి పూలలో ఫోటోలు తీసుకోకండి.

మోకాళ్ళకి అసలు పరీక్ష దిగేటప్పుడే. సన్న రాళ్ళ మీద కాలు జారుతుంది. అమ్మకి రెండు చేతికర్రలు ఇచ్చాను కాబట్టి సరిపోయింది. చెప్పులు వద్దు, గట్టి బూట్లు వేయించండి.

ఇంకో మాట. అంతకుముందు ఏడాది జులైలో నేనొక్కణ్ణే చెరువు దాటి బర్రోస్ అనే కొండ వైపు వెళ్ళాను. ఏటవాలు మీద దారికి అడ్డంగా గట్టిపడిన మంచు. రెండడుగులు వేశాక కాలు జారింది, కింద ఆపడానికి ఏమీ లేదు. చేతులు ఆనించుకుంటూ వెనక్కి వచ్చేశాను. జులై చివరిదాకా కూడా అక్కడ మంచు ఉండొచ్చు, పెద్దవాళ్ళతో అటు వెళ్ళకండి.

పార్కులో పెట్రోల్ దొరకదు, ముందే కొట్టించుకోండి. ఎండాకాలమైనా పైన గాలి చల్లగా ఉంటుంది, అమ్మగారికి స్వెట్టర్, చెవులకి స్కార్ఫ్ పెట్టుకోండి.