గ్రాఫు కన్నా ముందు ప్రశ్న

చిరంజీవి అమ్మాయికి,

చలనం పాఠం వీడియోతో చెప్పబోతున్నానని రాశావు. సంతోషం. నేను మొదటిసారి చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ గ్రాఫులన్నీ గీసి చూపిస్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు.

అందుకని ట్రాకర్ (వీడియోలో చలనాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్, ఉచితమే) తెరవకముందే ఒక ప్రశ్న వెయ్యి. నిలువుగా పైకి విసిరిన బంతి కొసన ఆగిన క్షణంలో దాని త్వరణం ఎంత? చాలామంది సున్నా అంటారు. నోటుబుక్కులో రాయించి ఊరుకో, దిద్దకు. తర్వాత ఫ్రేము ఫ్రేముకూ బంతి మీద వాళ్ల చేతే చుక్క పెట్టించు. వేగం-కాలం గీత ఒకే వాలుతో దిగుతూ సున్నాను దాటి కిందికి పోతుంది. ఆ దాటేచోట వంగదు. వాలే త్వరణం కదా, మరి అక్కడ సున్నా ఎలా అయింది? ఆ మాట ఎవరో ఒకరు అంటారు. అందాకా నువ్వు నోరు కట్టుకోవడమే కష్టం. నాకైతే ఏళ్లు పట్టింది.

ఒక్కసారైనా గ్రాఫు లేకుండా చేయించు. ఊరికే వదిలేసిన బంతి స్థానాన్ని సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో మూడు ఫ్రేములకోసారి, అంటే 0.1 సెకనుకోసారి గుర్తిస్తే, ఒక్కో విరామంలో పడిన దూరాలు 4.9, 14.7, 24.5, 34.3 సెంటీమీటర్లు. 1, 3, 5, 7! గెలీలియో పట్టుకున్న బేసి సంఖ్యల వరస. వదిలిన క్షణం సరిగ్గా ఫ్రేములో పడకపోతే ఈ నిష్పత్తి చెదురుతుంది కానీ, దూరం ప్రతిసారీ 9.8 సెంటీమీటర్లు పెరగడం మాత్రం మారదు.

వీడియో తీసేటప్పుడు ఫోను కదలకూడదు, వెలుతురు బాగా ఉండాలి, లేదంటే బంతి చారలా అలుక్కుపోతుంది. స్లో మోషన్‌తో జాగ్రత్త. 240 ఫ్రేములతో తీసి 30 అనుకుంటే g (గురుత్వ త్వరణం) విలువ 9.8కి బదులు 64 రెట్లు తగ్గి 0.15 దగ్గర తేలుతుంది.

దూరాలు కొలవడానికి వీడియోలో పెట్టే స్కేలు బంతి పడే తలంలోనే ఉండాలి. నేను ఒకసారి దాన్ని గోడకు ఆనించి, బంతిని గోడకు మీటరు ముందు వదిలించాను. కెమెరా గోడకు నాలుగు మీటర్ల దూరంలో ఉంది. g 13 వచ్చింది! ఆ వీడియో దాచుకున్నాను, పంపుతాను. తప్పెక్కడుందో చెప్పకుండా మీ పిల్లలకివ్వు.

మీ మాస్టారు