షుగర్ ఉంటే యూరిన్ బాధలు భరించాల్సిందేనా?

ప్రశ్న: డాక్టరమ్మగారూ నమస్తే. నాకు 54 ఏళ్ళు, షుగర్ వచ్చి పన్నెండేళ్ళు దాటింది, ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఈ ఏడాది మూడుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది, మంట మొదలవగానే మెడికల్ షాపులో అవే మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. ఈమధ్య షుగర్‌కి కొత్త మాత్ర రాశారు, అప్పట్నుంచీ కింద దురద. దగ్గినా తుమ్మినా చుక్కలు పడుతున్నాయని నీళ్ళు తాగడం తగ్గించేశా. చెకప్‌కి మా అబ్బాయే తీసుకెళ్తాడు, వాడి ముందు ఇవన్నీ ఎలా చెప్పను? షుగర్ ఉంటే ఇంతేనా?
– పేరు వద్దన్న పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇంతే అని సరిపెట్టుకోకండమ్మా, మీరు రాసినవాటిలో ప్రతిదానికీ ఏదో ఒక దారి ఉంది. ముందు నీళ్ళు మామూలుగా తాగడం మొదలుపెట్టండి, కిడ్నీ డాక్టర్ గానీ గుండె డాక్టర్ గానీ ఇంతే తాగమని కొలత పెట్టి ఉంటే తప్ప. తగ్గించేస్తే యూరిన్ చిక్కబడి మంట ఇంకా ఎక్కువవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. షుగర్ చాలా ఏళ్ళుగా ఉంటే కాళ్ళల్లో తిమ్మిర్లు వచ్చినట్టే యూరిన్ సంచి నరాలు కూడా మొద్దుబారతాయి, నిండినా తెలీదు, వెళ్ళొచ్చినా పూర్తిగా ఖాళీ అవదు, లోపల మిగిలిపోయినదాంట్లో బాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. మీరు మిషన్ ముందు కూర్చున్నారంటే మధ్యాహ్నం దాకా లేవాలనే అనిపించట్లేదా? బాత్రూమ్‌కి వెళ్ళొచ్చిన ఐదు నిమిషాలకే మళ్ళీ వస్తోందా, ధార ఆగి ఆగి పడుతోందా? అలా ఉంటే యూరిన్‌కి వెళ్ళొచ్చాక పొట్ట స్కాన్ చేసి ఎంత మిగిలిందో చూడమని అడగండి. కొంచెం మిగిలితే పర్లేదు, 100, 150 ఎంఎల్ దాటితే పట్టించుకోవాలి. అనిపించినా అనిపించకపోయినా మూడు గంటలకోసారి లేచి వెళ్ళండి, అయిపోయాక వెంటనే లేవకుండా ఒక నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించండి. ఈ చిన్న అలవాటుతోనే చాలామందికి తేడా కనిపిస్తుంది.

దురద గురించి చెప్తాను. ఆ కొత్త మాత్ర చీటీలో డాపాగ్లిఫ్లోజిన్ అనో ఎంపాగ్లిఫ్లోజిన్ అనో ఉందా చూడండి. ఈ మందులు షుగర్‌ని యూరిన్‌లోంచి బయటికి పంపేస్తాయి, ఆ తీపికి కింద ఫంగస్ పట్టి దురద వస్తుంది. గుండెకీ కిడ్నీకీ మేలు చేసే మందులే కాబట్టి దురద వచ్చిందని మీ అంతట మీరు మానెయ్యకండి, డాక్టర్‌కి చెప్తే ఫంగస్‌కి మందిస్తారు, అయినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే మాత్ర మారుస్తారు. వాంతులతోనో జ్వరంతోనో తిండి తినలేని రోజు మాత్రం ఆ ఒక్క మాత్ర ఆపి వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి.

మెడికల్ షాపులో అవే యాంటీబయాటిక్‌లు తెచ్చుకోవడం మాత్రం దయచేసి ఆపండి. సగం వేసి ఆపి, మళ్ళీ సగం వేసి, చివరికి ఆ మందు పనిచెయ్యని స్థితికి వచ్చినవాళ్ళని చూస్తూనే ఉన్నాం, బాధగా ఉంటుంది. మంట మొదలైతే మాత్ర వేసుకోకముందే యూరిన్ కల్చర్‌కి, అంటే ఏ బాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్షకి ఇవ్వండి, మొదటి ధార వదిలేసి మధ్యలోది డబ్బాలో పట్టాలి, రిపోర్ట్‌కి రెండు మూడు రోజులు పడుతుంది. ఆలోపు ఏం వాడాలో డాక్టరే చెప్తారు. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గడం వల్ల కూడా ఇన్ఫెక్షన్లు తిరగబెడతాయి, దానికి లోపల రాసుకునే క్రీమ్ ఉంది, గైనకాలజిస్ట్‌ని అడగండి.

దగ్గితే పడే చుక్కలకి, యూరిన్ ఆపుకున్నట్టు కింది కండరాలని బిగించి ఐదారు సెకన్లు పట్టి వదలాలి, పూటకి పదిసార్లు, రోజుకి మూడు పూటలా. యూరిన్ పోస్తూ మాత్రం చెయ్యొద్దు. రెండు మూడు నెలలు విడవకుండా చేస్తేనే తెలుస్తుంది, వారంలో తగ్గలేదని వదిలెయ్యకండి.

అబ్బాయి విషయమా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళి డాక్టర్ చేతికివ్వండి, పరీక్ష చేసేటప్పుడు బాబుని బయట కూర్చోమనండి. అలా అడగడంలో తప్పేమీ లేదు, రోజూ ఎంతోమంది అడుగుతారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్, యూరిన్‌లో ఆల్బుమిన్ పరీక్షలు చేయించి చాలా రోజులై ఉంటే అవి కూడా చేయించుకోండి.

చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి ఉండొచ్చు, షుగర్ ఉన్నవాళ్ళకి అది చాలా త్వరగా ముదురుతుంది. అప్పుడు రాత్రైనా సరే, తెల్లారేదాకా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్ళిపోండి.