లినక్స్‌కు మారితే నిజంగా అంత బాగుంటుందా? ముందు మీ వైఫై చిప్‌ను అడగండి

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, పాత ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 ఎక్కనంటోంది, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేస్తే అందరూ ఊదరగొట్టేంత వేగం వస్తుందా అన్నది ప్రశ్న. వేగం కోసమే అయితే మారకండి. వేరే కారణాలకు మారొచ్చు. కానీ ఆ కారణాల గురించి వీడియోలు చేసేవాళ్ళు తక్కువ, ఎందుకంటే అవి చూపించడానికి బాగుండవు.

ముందు టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ చూడండి. మీరేమీ చెయ్యకుండానే అది 100 శాతం దగ్గర తచ్చాడుతూ, పక్కన హెచ్‌డీడీ అని రాసి ఉంటే దొంగ దొరికినట్టే. తిరిగే హార్డ్ డిస్క్‌లో ముల్లు ఒక చోటినుంచి ఇంకో చోటికి వెళ్ళి చదవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ళు సెకనుకు ఓ వంద చదివితే గొప్ప. సిస్టమ్ బూట్ అవడమంటే అలాంటి వేల ఫైళ్ళు చదవడమే. తిరిగే భాగాలే లేని డిస్క్, అంటే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ, ఇదే పనిని వందల రెట్లు వేగంగా చేస్తుంది. ‘లినక్స్ వేశాక నా ల్యాప్‌టాప్‌కు ప్రాణం లేచొచ్చింది’ అనేవాళ్ళను కాస్త నిలదీసి అడిగితే, అదే వారంలో ఎస్‌ఎస్‌డీ కూడా వేయించామని చెప్పేవాళ్ళే ఎక్కువ. పేరు లినక్స్‌కు, పని ఎస్‌ఎస్‌డీది.

ఎస్‌ఎస్‌డీ కొనేముందు ల్యాప్‌టాప్‌లో 2.5 అంగుళాల చోటు ఉందో, ఎమ్.2 అనే సన్నటి స్లాట్ ఉందో చూసుకోవాలి. ఎమ్.2 అయితే అది సాటా రకమా, ఇంకా వేగమైన ఎన్‌విఎమ్‌ఈ రకమా అన్నదీ చూడాలి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కొన్ని స్లాట్లు ఒకదాన్నే గుర్తిస్తాయి. ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చెయ్యండి. డీడీఆర్3ఎల్, డీడీఆర్4 అనే ర్యామ్ రకాలు ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టవు. బోర్డుకే అతికించి ఉన్న ర్యామ్ అయితే చేసేదేమీ లేదు.

ఇక ర్యామ్ లెక్క. లినక్స్ రకాల్లో తేలికైన లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ ఖాళీగా ఉన్నప్పుడు విండోస్ కంటే తక్కువ తింటుంది, నిజమే. కానీ మీరు రోజంతా చూసేది ఖాళీ డెస్క్‌టాప్‌ను కాదు, బ్రౌజర్‌ను. ఇరవై ట్యాబ్‌లు తెరిచిన క్రోమ్ ఏ సిస్టమ్ మీదైనా దాదాపు ఒకటే మేత మేస్తుంది. 4 జీబీ మెషీన్‌లో లినక్స్ వేస్తే మహా అయితే ఇంకో నాలుగైదు ట్యాబ్‌ల ఊపిరి దొరుకుతుంది, అంతే.

మరి ఏం దక్కుతుంది? పని మధ్యలో ‘రీస్టార్ట్ చేస్తున్నాం’ అనే బెదిరింపు ఉండదు. సిస్టమ్, బ్రౌజర్, ఆఫీస్, వీడియో ప్లేయర్ అన్నీ ఒకే చోటినుంచి అప్‌డేట్ అవుతాయి. స్టార్ట్ మెనూలో ప్రకటనలు ఉండవు. విండోస్ 11 అడిగే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేని మెషీన్‌కు, ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతదైన ప్రాసెసర్‌కు కూడా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. మింట్ 22 సిరీస్‌కు 2029 దాకా ఆ హామీ ఉంది. టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టు ముందే వేసి వస్తుంది. అప్‌డేట్ వల్ల ఏదైనా చెడితే నిన్నటి స్థితికి పది నిమిషాల్లో తిరిగి రావచ్చు, కాకపోతే మొదటిరోజే దాన్ని ఆన్ చేసుకోవాలి. ఇవన్నీ నెల గడిచాక తెలిసే సుఖాలు.

మారాలా వద్దా అన్నది తేల్చేది మీ హార్డ్‌వేర్, మీకు తప్పనిసరైన ఒకటి రెండు ప్రోగ్రాములు. హార్డ్‌వేర్ సంగతి ఒక్క పెన్‌డ్రైవ్‌తో తేలిపోతుంది. 8 జీబీది చాలు. రూఫస్ గానీ వెంటాయ్ గానీ అనే ఉచిత ప్రోగ్రాముతో ఐఎస్‌ఓ, అంటే సైట్‌లో దొరికే ఇన్‌స్టాల్ ఫైలు, దానిలోకి ఎక్కించండి. దించుకున్న ఫైలు షా-256 చెక్‌సమ్‌ను, అంటే ఫైలు చెడలేదని తేల్చే అక్షరాల వరసను, సైట్‌లో ఇచ్చినదానితో పోల్చి చూడండి. సగం తెగిన డౌన్‌లోడ్‌తో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి లినక్స్‌ను తిట్టేవాళ్ళు బోలెడుమంది. ఎఫ్12 లేదా ఎస్కేప్ నొక్కి, కంపెనీని బట్టి ఎఫ్9 కూడా కావొచ్చు, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చెయ్యండి. డిస్క్‌ను తాకకుండానే మొత్తం డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది.

అక్కడ వాల్‌పేపర్ చూస్తూ కూర్చోవద్దు. వైఫై కలపండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టి మైక్ కూడా పనిచేస్తుందో చూడండి. వెలుగు తగ్గించే పెంచే కీలు, కెమెరా, హెచ్‌డీఎమ్‌ఐ చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా మూత మూసి, రెండు నిమిషాలాగి తెరవండి. మూడుసార్లు చెయ్యండి. నిద్రపోయి లేవకపోవడం, లేచాక వైఫై పోవడం అనే రెండు జబ్బులూ ఇక్కడే బయటపడతాయి. వేలిముద్ర రీడర్ పనిచేస్తే అది అదృష్టం, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. వైఫై చిప్ ఇంటెల్‌ది అయితే నిశ్చింత. బ్రాడ్‌కామ్ అయితే డ్రైవర్ విడిగా వెయ్యాలి, దానికి నెట్ కావాలి, నెట్‌కు డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఆ ముడి విడిపోతుంది.

ఇన్‌స్టాల్‌కు ముందు విండోస్‌లో మూడు పనులు ఉన్నాయి. మొదటిది, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే ఏం లాభం! బూట్ సెట్టింగులు మారగానే విండోస్ ఆ కీ అడగవచ్చు, లేకపోతే ఫైళ్ళు మర్చిపోవాల్సిందే. పక్కపక్కన రెండు సిస్టమ్‌లు పెట్టుకోవాలంటే ఎన్‌క్రిప్షన్ పూర్తిగా తీసెయ్యమని ఇన్‌స్టాలరే ఆగుతుంది. రెండోది, ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యండి. అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. లినక్స్ నుంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవడానికే వస్తుంది, రాయడానికి రాదు. మూడోది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్‌ను విండోస్‌తోనే కుదించి కనీసం 60 జీబీ ఖాళీ చెయ్యండి. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడకపోతే బయోస్‌లో, అంటే మెషీన్ లేచేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల పేజీలో, స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో ఉందన్నమాట. దాన్ని ఏహెచ్‌సీఐ మోడ్‌కు మార్చాలి. కానీ నేరుగా మారిస్తే విండోస్ నీలితెర వేసి మొరాయిస్తుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, ఆ తర్వాత మామూలుగా లేపాలి.

ఇంత జాగ్రత్తపడ్డవాళ్ళు కూడా బోల్తాపడే చోటు ఒకటుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్, నమ్మకమైన సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. ఇన్‌స్టాల్ సజావుగా సాగింది. డ్రైవర్ మేనేజర్‌లో ‘సిఫార్సు చేసినది’ అన్న ఎన్‌విడియా డ్రైవర్ ఎంచుకున్నారు. మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంది, కనీసం 8 అక్షరాలు. ఎందుకో సరిగా చదవకుండా ఏదో కొట్టేశారు. రీస్టార్ట్ చేశారు, టీ కలుపుకోవడానికి లేచారు. సరిగ్గా ఆ క్షణంలో తెర మీద పాతకాలపు నీలం పేజీ వచ్చింది: ఏదైనా కీ నొక్కితే మోక్ (మెషీన్ యజమాని కీ) మేనేజ్‌మెంట్‌కు వెళ్తాం అని. కింద పది నుంచి అంకెలు దిగుతున్నాయి. పది సెకన్లు. ఎవరూ ఏమీ నొక్కలేదు. పేజీ మాయమై మామూలుగా డెస్క్‌టాప్ వచ్చేసింది.

తిరిగొచ్చి చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ పెడితే బయటి మానిటర్ వెలగదు. గేమ్ తెరిస్తే స్లైడ్ షో. ఎన్‌విడియా ఒక్కటే ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే తెర మొత్తం బూజుపట్టినట్టు తక్కువ రెజల్యూషన్‌లో వచ్చి, వీడియో పెడితే ప్రాసెసర్ మొత్తం ఊగిపోతుంది. జరిగిందేమిటంటే, ఆ డ్రైవర్ మాడ్యూల్ మీ మెషీన్‌లోనే తయారై, మీ మెషీన్‌లోనే పుట్టిన కీతో సంతకం పెట్టుకుంది. ఆ కీని నమ్మమని మీరు ఫర్మ్‌వేర్ దశలో చెప్పాలి, అందుకే ఆ నీలం పేజీ. మీరు చెప్పలేదు కాబట్టి సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ ఆ మాడ్యూల్‌ను గుమ్మంలోనే ఆపేసింది. కొత్త డ్రైవర్ వేసేటప్పుడు పాత ఉచిత డ్రైవర్ నువోను పక్కన పెట్టేస్తారు కాబట్టి అదీ లేదు. రెంటికీ చెడ్డ రేవడి.

ఇక్కడే చాలామంది మొత్తం మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. కొత్త ఇన్‌స్టాల్, కొత్త కీ, మళ్ళీ అదే నీలం పేజీ, మళ్ళీ అదే టీ. అవసరం లేదు. టెర్మినల్‌లో మోక్‌యుటిల్ అనే ఆదేశంతో అదే కీని మళ్ళీ నమోదుకు పెట్టి, ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ ఇచ్చి, రీస్టార్ట్ చేసి తెర ముందే కూర్చోండి. నీలం పేజీ రాగానే కీ నొక్కి, ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్. ఆ పేజీలో కీబోర్డు అమెరికన్ పద్ధతిలో ఉంటుంది, అందుకని పాస్‌వర్డ్‌లో గుర్తులు పెట్టకుండా అక్షరాలు, అంకెలతో సరిపెట్టండి. ఒకసారి చేస్తే చాలు, తర్వాత కెర్నల్ మారినప్పుడల్లా అదే కీతో సంతకాలు అవే జరిగిపోతాయి. సెక్యూర్ బూట్ ఆపేస్తే పోలా అంటారు కొందరు. పోతుంది. దాంతోపాటు విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే 48 అంకెలూ అడుగుతుంది. ఇందులో లినక్స్ నాణ్యతకు సంబంధించింది ఏదీ లేదు, కానీ ‘గ్రాఫిక్స్ సరిగా రాదు’ అన్న పేరు మాత్రం దానికే మిగిలింది.

సాఫ్ట్‌వేర్ దగ్గరకొస్తే ‘ప్రతిదానికీ ప్రత్యామ్నాయం ఉంది’ అనే మాట వినగానే జాగ్రత్తపడండి. ఫోటోషాప్ రాదు. దాని బదులు వాడే జింప్ మంచిదే, కానీ ఎదుటివాళ్ళు పీఎస్‌డీ ఫైలు పొరలతో సహా తిరిగి పంపమంటే చిక్కే. ఎక్సెల్‌లో మాక్రోలతో నడిచే ఫైళ్ళు ఉచిత ఆఫీస్ అయిన లిబ్రఆఫీస్‌లో సగం నడిచి సగం ఆగుతాయి. వర్డ్ ఫైళ్ళలో పేజీలు అటూ ఇటూ జరగడానికి కారణం చాలాసార్లు ఫాంట్లే. కాలిబ్రికి బదులు అదే కొలతలున్న కార్లిటో, కాంబ్రియాకు కలాడియా వేసుకుంటే సగం గొడవ తీరుతుంది. గేమ్‌లు 2018లో వాల్వ్ కంపెనీ విండోస్ గేమ్‌లను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ తెచ్చాక బాగా మెరుగయ్యాయి. కానీ కెర్నల్ స్థాయిలో మోసాలను పట్టే యాంటీ-చీట్ ఉన్న వాలరెంట్ లాంటివి రావు, ఏ చిట్కాతోనూ రావు. ప్రింటర్ గత పదేళ్ళలోది, వైఫై ఉన్నదైతే డ్రైవర్ లేకుండానే దొరుకుతుంది.

తెలుగు సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్పాల్సొస్తోంది. యూనికోడ్ తెలుగు చక్కగా కనిపిస్తుంది, ఒత్తులు విరగవు. టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరిక నేరుగా కీబోర్డు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళు టైపింగ్ పనిముట్టు ఐబస్‌తోపాటు ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసి, లాగౌట్ అయి మళ్ళీ రావాలి. లాగౌట్ మరిచిపోయి ‘జాబితాలో తెలుగు లేదు’ అనుకుంటారు. విండోస్‌లోని గౌతమి, నిర్మల ఫాంట్లు ఇక్కడ ఉండవు. వాటిలో కట్టిన పత్రం నోటో లాంటి వేరే ఫాంట్‌తో తెరుచుకుని, వరసల ఎత్తు మారి, మూడు పేజీలది నాలుగు కావచ్చు. పంపేముందు పీడీఎఫ్ చెయ్యండి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో బతికేవాళ్ళు మాత్రం కదలకండి. ఫాంటు ఫైలు వేసుకోవచ్చు గానీ దాని కీబోర్డు ప్రోగ్రాము విండోస్‌కే రాసింది.

ఏ డిస్ట్రో, అంటే ఏ రకం లినక్స్, అన్నదాని మీద కురుక్షేత్రాలు జరుగుతుంటాయి. మింట్ గానీ ఎక్కువకాలం మద్దతుండే ఉబుంటు ఎల్‌టీఎస్ గానీ వేసి ముగించండి. మొదటిసారి మారేవాళ్ళకు అన్నీ చేత్తో అమర్చుకోవాల్సిన ఆర్చ్ వెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళకు మీ పని గురించి కాదు, వాళ్ళ స్క్రీన్‌షాట్ గురించి బెంగ. అలాగే ఏదో సైట్‌లో దొరికిన ఆదేశాన్ని సర్వాధికారాలిచ్చే సుడోతో అతికించేముందు, అది ఏ సంవత్సరంలో రాసిందో, ఏ వెర్షన్‌కు రాసిందో చూడండి. లినక్స్‌లో వైరస్ లేదని నమ్మి, వైరస్ చేసే పనిని చేజేతులా తామే చేసుకునేవాళ్ళున్నారు.

రెండూ పక్కపక్కన పెట్టుకుంటే విండోస్‌లో గడియారం కొన్ని గంటలు తప్పవచ్చు. బోర్డు మీద గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. లినక్స్‌లో టైమ్‌డేట్ సెట్టింగ్‌ను స్థానిక సమయానికి మారిస్తే సర్దుకుంటుంది.

నచ్చకపోతే వెనక్కి రావడానికి కూడా ఒక వరస ఉంది. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి స్థానంలో పెట్టి, విండోస్ లేస్తోందని నిర్ధారించుకుని, ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్లు తీసెయ్యాలి. తిరగేసి చేస్తే నల్లతెర మీద లినక్స్ బూట్ ప్రోగ్రాము గ్రబ్ ప్రాంప్ట్ ఒక్కటే మిణుకుమంటుంది. విండోస్‌ను పూర్తిగా చెరిపేసినా భయం లేదు. డిజిటల్ లైసెన్స్ ఉన్న మెషీన్ అయితే అది మదర్‌బోర్డుకే ముడిపడి ఉంటుంది కాబట్టి, అదే ఎడిషన్ మళ్ళీ వేసి నెట్ కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.