సమాధానం: ప్రెస్ గార్డు తీసేసి, ‘బాధ్యత నాదే’ అని సంతకం పెట్టమంటే

అన్నా, ప్రొడక్షన్ పెరగాలని మీ తమ్ముడి చేత పవర్ ప్రెస్ (రేకును అచ్చులో నొక్కే యంత్రం) గార్డు, అంటే చెయ్యి లోపలికి వెళ్లకుండా ఆపే కవచం, తీయించి, ప్రమాదం జరిగితే బాధ్యత తనదేనని రాసిమ్మంటున్నారని అడిగారు. సంతకం మాత్రం పెట్టనివ్వకండి.

పరిహారం వదులుకుంటానని రాసిచ్చిన కాగితం చెల్లదని 1923 నాటి పరిహార చట్టం 17వ సెక్షనే చెప్పింది; 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే మాట ఉంది. అసలు మెలిక అది కాదు. కార్మికుడే కావాలని గార్డు తీశాడని తేలితే, ప్రాణం పోవడమో శాశ్వత పూర్తి వైకల్యమో అయితే తప్ప ఆ కోడ్ కింద పరిహారం రాదు. అంటే రెండు వేళ్లు తెగితే పైసా రాకపోవచ్చు. ఆ కాగితం వాళ్లకు కావాల్సింది అందుకే! (ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉంటే లెక్క వేరు.)

నేను పనిచేసిన షెడ్డులో రెండు చేతులతో నొక్కాల్సిన బటన్లలో ఒకదానికి అగ్గిపుల్ల దోపేవాళ్లు. ఖాళీ అయిన చెయ్యి డై (అచ్చు) కిందికి వెళ్లేది.

గార్డు తన చేత్తో విప్పొద్దనండి. సూపర్‌వైజర్ మాటను వాట్సాప్‌లో, ‘మీరు తీయమన్నారు కదా సార్, ప్రమాదం కదా’ అని రాతలోకి తేవాలి. పనిచేసే చోట భద్రత గురించిన మరో 2020 కోడ్ కూడా 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. ప్రమాదం ముంచుకొస్తుందనిపిస్తే యజమానికి చెప్పి, అదే సమయంలో ఫ్యాక్టరీలను తనిఖీ చేసే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌కూ తెలిపే హక్కు దాని 14వ సెక్షన్‌లో ఉంది.

పేరు బయటపడుతుందని టెన్షన్ వద్దు. ఫిర్యాదుదారు ఎవరో ఇన్‌స్పెక్టర్ రహస్యంగా ఉంచాలన్నది మన దేశం 1949లో ఆమోదించిన ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 81వ ఒప్పందంలోని షరతు. అయినా ముగ్గురు నలుగురు కలిసి రాస్తే నయం.